హెన్రీ వాట్సన్ ఫౌలరు జీవితము: పొడి యక్షరములును చుక్కయు

ఆంగ్లవ్యాసములు దిద్దునప్పుడు మాకు తఱచుగా ఎదురగు సందేహ మొకటి కలదు. మిస్టరు అను మాటను ఎమ్, ఆర్ అను రెండక్షరములుగా కుదించి వ్రాసినపుడు దాని ప్రక్కను చుక్క యుంచవలెనా, మానవలెనా? ఒక పాఠ్యపుస్తకమున చుక్క యుండును, మఱియొక దానియందుండదు. ఒకే తరగతిలోని ఇద్దఱు బాలురు రెండు విధములుగా వ్రాసి, తమతమ పుస్తకములనే సాక్ష్యములుగా తెచ్చి మా యెదుట నిలుతురు. ఇది యచ్చుకూర్చువాని యిష్టమని తలంచు తలిదండ్రులును కలరు. అట్లు కాదు. చుక్క యుంచుటకైనను మానుటకైనను కారణ మొకటి యుండవలెనని తలంచి, ఆ కారణమును కొలది పంక్తులలో తేటపఱచిన పండితు డొకడు కలడు. ఆయనయు మావలెనే చిరకాలము బడిలో పాఠములు చెప్పినవాడు. ఆయన పేరు హెన్రీ వాట్సన్ ఫౌలరు.

ఫౌలరు 1858వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఇంగ్లండు దేశమునందలి కెంటు మండలములో, టన్‌బ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రియగు రాబర్టు ఫౌలరు సంఘగురువును ఉపాధ్యాయుడును. ఎనమండుగురు బిడ్డలలో హెన్రీ జ్యేష్ఠుడు. 1871లో రగ్బీ పాఠశాలలో చేరి గ్రీకు, లాటిను భాషలయందు మంచి ప్రజ్ఞ చూపెను. షెల్లీ కవి రచించిన ఆంగ్లనాటక మొకదానిలోని కొంత భాగమును ప్రాచీన గ్రీకు ఛందస్సులోనికి మార్చి బడిలో బహుమానము నందెను. 1877లో ఆక్స్‌ఫర్డునందలి బెయిలియల్ కళాశాలలో ప్రవేశించెను. రెండేండ్లకు తండ్రి గతించెను. నాటినుండి తమ్ముల యోగక్షేమముల భారము చాలవఱకు పెద్దవాని భుజములపై బడెను.

ఆ కాలమున ఆక్స్‌ఫర్డులో పట్టము పొందుటకు వేదగ్రంథ పరీక్షయందును కృతార్థత యవసరమై యుండెను. గ్రీకు లాటినులలో రెండవ తరగతిని సంపాదించిన ఫౌలరు ఈ పరీక్షయందు తప్పెను. వేదపాఠపు గంటలో కునికిపాట్లు పడు బాలు రీ సంగతి గమనింతురు గాక. 1881లో పట్టము లేకయే విశ్వవిద్యాలయమును విడిచెను. పట్టము చేతికి వచ్చినది 1886లో. పేరు ప్రక్కను వ్రాసికొను పొడి యక్షరములకు చుక్కల ధర్మమును లోకమునకు చెప్పిన మనుష్యునకు, తన పేరు ప్రక్కను వ్రాసికొనుటకు అయిదేండ్లపాటు ఆ యక్షరములే లేకపోయినవి.

స్కాట్లండులో కొలది నెలలు పని చేసిన పిమ్మట 1882లో యార్కుషైరునందలి సెడ్‌బర్గ్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అచ్చటనే పదునేడేండ్లు గడచెను. గ్రీకు, లాటిను, ఆంగ్లము బోధించెను. ప్రతి దినమును ప్రాతఃకాలమున పరుగు, చల్లనీటిలో ఈత. ఈ నియమమును ముసలితనమువఱకు విడువలేదు. బాలురు ఆయనను గౌరవించిరే గాని ఆయనతో చనువు పెంచుకొనలేదు. మితభాషి, సిగ్గరి, ఖండితమైన నియమముల మనుష్యుడు. అట్టి ఉపాధ్యాయులు ప్రతి పాఠశాలయందును ఒకరిద్ద ఱుందురు. వారి మేలు బాలురకు బడి విడిచిన పది సంవత్సరములకు గాని తెలియదు.

1899లో ఆయన జీవితమున పెద్ద మలుపు వచ్చెను. బడిలోని వసతిగృహములలో ఒకదానికి పెద్దగా నియమింపబడు సందర్భము కలిగెను. ఆ యుద్యోగమునకు జీతమును గౌరవమును హెచ్చు. అయితే గృహమునకు పెద్దయైనవాడు తన బాలురను కన్ఫర్మేషనుకు, అనగా బాప్తిస్మము పొందిన పిల్లలు పెరిగి తమ నోటితో విశ్వాసము నొప్పుకొను ఆరాధనకు, సిద్ధపఱుపవలసి యుండెను. ఫౌలరునకు ఆ విశ్వాసము లేదు. లేని విశ్వాసమును ఉన్నట్లు నటించి బాలురకు బోధించుట తనవలన కాదని చెప్పెను. ఆ యొక్క పనిని వేఱొక యుపాధ్యాయునకు అప్పగించుటకు ప్రధానోపాధ్యాయు డంగీకరింపలేదు. ఇరువురిమధ్య ఉత్తరములు చాల నడచెను. పరస్పర గౌరవము చెడలేదు. తుదకు ఫౌలరు ఉద్యోగమునకు రాజీనామా నిచ్చి వెడలిపోయెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియొకటి. చేతిలో వేఱు పని లేదు.

మిషను పాఠశాలలో పని చేయు మేము ఈ ఘట్టమును తేలికగా దాటిపోజాలము. ఆయన యవిశ్వాసమును మేము మెచ్చుకొనము. ప్రధానోపాధ్యాయుని పక్షమునను న్యాయము కలదు; తలిదండ్రులు నమ్మి యొప్పగించిన పిల్లల విషయమున ఆయనకును బాధ్యత కలదు గదా! అయినను, పెదవులతో విశ్వసించి జీతము తీసికొనుట ఎంత సులభమో మా కందఱకును తెలియును. ఫౌలరు ఆ సులభమార్గమును త్రొక్కలేదు. ఇరువురును తమ మనస్సాక్షి చొప్పుననే నడచిరి. బడికి మాత్రము మంచి ఉపాధ్యాయు డొకడు నష్టమయ్యెను.

లండనులో నాలుగేండ్లు పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, తండ్రి యాస్తినుండి వచ్చు స్వల్పాదాయముతో ఫౌలరు కాలము గడపెను. 1903లో గర్న్‌సీ ద్వీపమునకు తరలెను. అచ్చట ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ జార్జి ఫౌలరు తక్కాళి తోటలు పెంచుచుండెను. అన్నకంటె పదుమూడేండ్లు చిన్నవాడు. ఇరువురును కొలది గజముల దూరమున వేఱువేఱు చిన్న యిండ్లలో నివసించుచు ఒకే పనిని కలసి చేయసాగిరి. మొదట గ్రీకు రచయితయగు లూషియను గ్రంథములను ఆంగ్లమునకు మార్చిరి. అవి 1905లో నాలుగు సంపుటములుగా వెలువడెను. మఱుసటి సంవత్సరము ది కింగ్స్ ఇంగ్లీషు అను పుస్తకమును ప్రకటించిరి. పత్రికలనుండియు పేరుపొందిన రచయితలనుండియు తప్పు వాక్యములను ఏఱి, అవి ఏల తప్పో అందు చూపిరి. విరామచిహ్నములకు అందులో ఒక యధ్యాయమే కలదు. ఉపాధ్యాయుని యెఱ్ఱసిరా బడిని దాటి దేశముమీదికి ప్రవహించినట్లయ్యెను.

1908లో, తన యేబదియవ జన్మదినముననే, జెస్సీ మేరియన్ విల్స్ అను నర్సును వివాహమాడెను. ఆలస్యముగా వచ్చిన యీ దాంపత్యము మిక్కిలి అనుకూలమైనది.

అటుపిమ్మట సోదరులు కంసైజ్ ఆక్స్‌ఫర్డు నిఘంటువునకు పూనుకొనిరి. ఆక్స్‌ఫర్డువారి మహానిఘంటువు 1884నుండి భాగములుగా వెలువడుచు 1928లో గాని ముగియలేదు. దాని సారమును ఒక్క సంపుటమునకు కుదింపవలెను. అది యింకను చేరని కడపటి యక్షరములకు తామే దారి వెదకికొనవలెను. ఈ పుస్తకము 1911లో వెలువడెను. అట్టి పనిలో చోటు బంగారముతో సమానము. నామవాచకమునకు ఒక యక్షరము, విశేషణమునకు ఒక యక్షరము, లాటినునుండి వచ్చెనని చెప్పుటకు ఒక యక్షరము. పుట యంతయు పొడి యక్షరములే. వాక్యములు తంతివార్తలవలె నుండును. ఇన్నేండ్లు పొడి యక్షరములతో సంసారము చేసినవానికే, అవి చదువరి నెంత బాధించునో, దాని నెట్లు తగ్గింపవచ్చునో తోచియుండునని మా యూహ.

1914లో యుద్ధము వచ్చెను. యువకులను సైన్యమునకు పురికొల్పుచు తాము ఇంట కూర్చుండుట న్యాయము కాదని సోదరులు తలంచిరి. 1915లో హెన్రీ సైన్యమున చేరెను. వయస్సు ఏబదియేడు, చెప్పినది నలువది నాలుగు. నమ్మని మాట నోట పలుకజాలక ఉద్యోగమును వదలిన మనుష్యుడు ఇచ్చట మాత్రము నిశ్చింతగా అబద్ధమాడెను! పొగడవలెనో తెగడవలెనో చదువరులే నిర్ణయింతురు గాక. ఫ్రాన్సు దేశమునకు పోయినను వారికి యుద్ధము దొఱకలేదు. గిన్నెలు తోముట, బొగ్గులు మోయుట వారి పనులయ్యెను. యుద్ధమునకైనను పంపుడు, ఇంటికైనను పంపుడని పై యధికారులకు విన్నవించుకొనిరి. తుదకు ఇంటికే వచ్చిరి. తమ్ముడు మాత్రము క్షయరోగముతో వచ్చి 1918లో మరణించెను.

యుద్ధమునకు పూర్వమే సోదరులిద్దఱును ఆంగ్లభాషా ప్రయోగములమీద పెద్ద పుస్తక మొకటి వ్రాయ సంకల్పించి యుండిరి. దానిని అన్న యొక్కడే వ్రాయవలసి వచ్చెను. అది 1926లో మాడరన్ ఇంగ్లీషు యూసేజి అను పేర వెలువడెను. తమ్ముని స్మృతికి అంకితము చేయుచు, పుస్తకపు ప్రణాళికలో అతడు పాలుగొనెననియు రచనలో పాలుగొనుటకు బ్రతుకలేదనియు వ్రాసెను. పొడి యక్షరముల చుక్కను గూర్చిన చిన్న శీర్షిక ఈ పుస్తకమునందే కలదు.

ఫౌలరు వాదము మిక్కిలి సరళము. పొడి యక్షరము చదువరికి ఒక చిక్కుముడి. అతడు దాని పూర్ణరూపమును ఊహింపవలెను. ఆ యూహకు తోడ్పడు నది యేదైనను మేలే. కుదించిన మాటకు మొదటి యక్షరమును తుది యక్షరమును నిలిచియుండి నడుమ మాత్రమే లోపించినచో చుక్క యుంచవద్దు. తుది తెగిపోయినచో చుక్క యుంచుము. అపుడు చుక్క చూచిన చదువరి, ఇచ్చట తోక తెగినది, తక్కినది నేనే పూరించుకొనవలెనని గ్రహించును. చుక్క లేనిచో, మాట యొక్క రెండు కొనలును నా కన్నులయెదుటనే యున్నవని గ్రహించును.

ఇప్పుడు విద్యార్థులు కలము తీసికొని సరిచూచికొందురు గాక. మిస్టరునకు మొదలు ఎమ్, తుది ఆర్, రెండును నిలిచినవి, చుక్క లేదు. డాక్టరునకు డి, ఆర్, చుక్క లేదు. మిసెస్ అను మూడక్షరములకును లేదు. కెప్టెను అను మాటను మొదటి నాలుగక్షరములతో వ్రాసితిమా, తోక తెగినది, చుక్క వలయును. ప్రొఫెసరును నాలుగక్షరములతో వ్రాసినను అంతే. మన సంఘగురువుల పేర్లకు ముందు వ్రాయు రెవరెండు మాట మంచి యుదాహరణము. ఆర్, ఇ, వి అని మూడక్షరములు వ్రాసినచో చుక్క యుండవలెను. నాలుగవదిగా డి చేర్చినచో ఉండరాదు. రెండును ఒప్పులే, మూడక్షరములు వ్రాసి చుక్క మానుటయు, నాలుగు వ్రాసి చుక్క యుంచుటయు ఈ సూత్రమునకు విరుద్ధములు. మన దేశమునందు రూపాయలకు ఆర్, ఎస్ అని వ్రాసి చుక్క యుంచువారు పెక్కండ్రు. ఫౌలరు సూత్రము ననుసరించి అచ్చట చుక్కకు పని లేదు, ఏలయన ఎస్ అనునది బహువచనపు తుది యక్షరమే. 2010లో ప్రభుత్వమువారు రూపాయకు గుర్తు నొకదాని నంగీకరించిన పిమ్మట ఈ తగవు కొంత తగ్గినది.

సూత్రమునకు చిక్కులు లేకపోలేదు. సంపుటమును తెలుపు వాల్యూము అను మాటకు ఏకవచనమున తోక తెగును గనుక చుక్క. బహువచనమున తుది ఎస్ నిలుచును గనుక చుక్క లేదు. ఒకే పంక్తిలో ఒకటి చుక్కతో, ఒకటి చుక్క లేక కనబడుట కంటికి అందము కాదు. నంబరునకు వ్రాయు ఎన్, ఓ అనునవి లాటిను మాటయగు న్యూమెరో యొక్క మొదటి తుది యక్షరములు. సూత్రము చొప్పున చుక్క కూడదు. కాని చుక్క లేనిచో ఆంగ్లమున కాదు, లేదు అని చెప్పు మాటవలె కనబడును. కావున సూత్రము నంగీకరించువారును అచ్చట చుక్క నుంతురు. చదువరికి సహాయము చేయుటకే పుట్టిన సూత్రము చదువరిని తికమకపెట్టు చోట తలవంచుట న్యాయమే. అనగా అను నర్థముగల విజ్ అను మూడక్షరముల మాట మఱియు వింత. అందలి జెడ్ నిజమునకు జెడ్ కాదు. లాటిను మాట తుదిని కుదించుటకు పూర్వపు వ్రాయసకాండ్రు వేసిన మెలిక. అచ్చువారు దానిని జెడ్డుగా కూర్చిరి.

ఫౌలరు తన గ్రంథమునందు అండ్ అను మాటకు బదులు అంతటను మెలిక గుర్తునే వాడెను. ఆ గుర్తును లాటినునందలి ఎట్ అను రెండక్షరముల కలయికనుండి పుట్టినదే. నిఘంటువు నాటి పొదుపు చేతికి అలవాటై పోయినది కాబోలు!

మన తెలుగునం దీ చిక్కు లేదు. ఉత్పలమాలకు ఉ., చంపకమాలకు చం., కందమునకు కం., తేటగీతికి తే.గీ. అని పద్యములకు ముందు వ్రాయుదుము. క్రీ.శ. అనినను, చి. అనినను, మ.రా.రా.శ్రీ. అనినను మొదటి యక్షరమును నిలిపి తక్కినదానిని తెంచుటయే మన యాచారము. నడుమ తీసివేసి రెండు కొనలు నిలుపు అలవాటు మనకు లేదు. గనుక చుక్క యెల్లచోట్లను తగియే యున్నది. చుక్కకు బదులు రెండు నిలువుగీతలు గీయువారును కలరు. కందమునకు వ్రాయునపుడు సున్న యొకటి, చుక్క యొకటి ప్రక్కప్రక్కను వచ్చుటచేత చిన్న తరగతుల పిల్లలు రెంటిలో ఒకదానిని మ్రింగివేయుదురు, వారిని మన్నింపవచ్చును.

పేరులోని మొదటి యక్షరములకును, పట్టములకును, సంస్థల పేర్లకును ఫౌలరు కాలమున ప్రతి యక్షరము వెంటను చుక్క యుండెడిది. ప్రతి యక్షరమును తోక తెగిన యొక మాటయే గనుక అది సూత్రమునకు సరిపడును. పిమ్మట లోకము మాఱినది. పొడి యక్షరములను కూర్చి మాటగా పలుకు అలవాటు రెండవ ప్రపంచయుద్ధ కాలమునుండి విస్తరించెను. అట్టి మాటలకు ఆక్రొనిమ్ అను పేరు 1940 ప్రాంతములనే ఆంగ్లమున వ్యాపించెను. 1945లో స్థాపితమైన యునెస్కోను, 1949నాటి నాటోను, 1969లో మన దేశమున ఏర్పడిన ఇస్రోను ఎవరును అక్షరమక్షరముగా పలుకరు. కావున నడుమ చుక్క లుంచరు. రాడారు, లేసరు అను మాటలైతే పొడి యక్షరములనుండి పుట్టినవను సంగతియే మఱపు వచ్చి సామాన్య నామములైనవి. అక్షరమక్షరముగా పలుకు బి బి సి వంటి వానికిని ఇంగ్లండునందు నేడు చుక్కలు మానివేయుచున్నారు. అమెరికావారు మాత్రము మిస్టరునకును డాక్టరునకును చుక్క యుంచుట మానలేదు. వారి పద్ధతియు ఒక పద్ధతియే. అందు మినహాయింపులు తక్కువ. చుక్కకై మార్కులు కోయుట మాకు సమ్మతము కాదు. ఒకే పుటలో ఒకే మాటను రెండు విధముల వ్రాసిన బాలునకు మాత్రము కోయుదుము.

ఇంకొక మాట. పొడి యక్షరపు చుక్కతో వాక్యము ముగిసినచో రెండవ చుక్క అక్కఱలేదు. ఒక్కటియే రెండు పనులును చేయును. ప్రశ్నార్థకమైనచో చుక్క యుండగనే దాని తరువాత ప్రశ్నచిహ్న ముంచవలెను.

ఈ పుస్తకమును 1965లో సర్ ఎర్నెస్టు గవర్సు సంస్కరించెను; 1996లో రాబర్టు బర్చ్‌ఫీల్డు, 2015లో జెరెమీ బటర్‌ఫీల్డు మరల సంస్కరించి ప్రకటించిరి. గ్రంథము వెలువడుటకు ముందటి సంవత్సరమే ఫౌలరు దంపతులు సోమర్‌సెట్టు మండలములోని హింటన్ సెయింట్ జార్జి యను గ్రామమునకు వచ్చి యుండిరి. అచ్చట తోటపనియు ఇంటిపనియు ఫౌలరు తానే చేసికొనుచుండెను. నిఘంటువు పనికి కాలము మిగులునని తలంచి, ఇంటికి ఒక సేవకుని నియమించి జీతము తామిత్తుమని ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. తెల్లవారగనే రెండు మైళ్లు పరుగెత్తి, పొరుగువారి చెఱువులో ఈది వచ్చు ముసలివానికి సేవకు డెందుకని జవాబు వ్రాసెను.

1930లో భార్య మరణించెను. ఆమెను గూర్చి తాను వ్రాసిన పద్యములను మఱుసటి యేడు ఒక చిన్న పుస్తకముగా అచ్చు వేయించెను. వ్యాకరణము దిద్దు కఠినుడగు పండితునియందు ఇంతటి మార్దవముండునని పెక్కురు ఊహింపలేదు. తరువాతి మూడేండ్లును నిఘంటువు పనిలోనే గడపి, 1933వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని, క్రిస్మసు మఱునాడు, ఆ గ్రామముననే ఫౌలరు మరణించెను. అప్పటి కాయన వయస్సు డెబ్బదియైదు సంవత్సరములు.